రెండు ఎయిర్‌పోర్టుల మధ్య దూరం, ఫ్లైట్ టైం ఒక్కో చోట ఒక్కోలా ఎందుకు చూపిస్తాయి? ఏది నమ్మాలి?

మీరు అడిగింది ఇదీ. న్యూయార్క్ జేఎఫ్‌కే నుంచి లండన్ హీత్రోకి దూరం మీ స్ప్రెడ్‌షీట్‌లో 5,540 కిలోమీటర్లు వచ్చింది. ఒక వెబ్‌సైటు 5,554 అంటోంది. ఫ్లైట్ ట్రాకర్ మాత్రం ఒక రోజు విమానం 5,780 దాకా తిరిగిందని చూపించింది. టైం సంగతికొస్తే, వెబ్‌సైటు రెండు వైపులా 7 గంటల 24 నిమిషాలే అంటోంది. టికెట్లో చూస్తే వెళ్ళడానికి 7 గంటలు, రావడానికి 8 గంటలు. ఇందులో ఏది సరైనది, వేరే ఏ రెండు ఎయిర్‌పోర్టులకైనా సొంతంగా ఎలా లెక్కేసుకోవాలి, మధ్యలో ఫ్లైట్ మారితే ఎలా కలపాలి?

సూటిగా చెప్పేస్తాను. దూరాలు మూడూ సరైనవే. టైంలలో వెబ్‌సైటు చెప్పినదాన్ని పక్కన పెట్టండి. 5,540 అనేది భూమిని నిఖార్సయిన గోళం అనుకుని వేసిన లెక్క. 5,554లో భూమి ధ్రువాల దగ్గర కాస్త అణిగి ఉంటుందన్న సంగతి కూడా కలిసింది. 5,780 ఆ రోజు ఆ విమానం నిజంగా తిరిగిన దారి. 7 గంటల 24 నిమిషాలు మాత్రం ఎవరూ కొలిచింది కాదు. 5,554ని గంటకు 500 మైళ్ళ వేగంతో, అంటే 805 కిలోమీటర్లతో భాగించి, పైన అరగంట కలపండి. సరిగ్గా అదే వస్తుంది. రెండు వైపులకీ ఒకే టైం చూపించే సైటు ఏదైనా సరే, ఫార్ములా నడుపుతోందే తప్ప షెడ్యూలు చూడలేదన్నమాట.

తొందరలో ఉన్నవాళ్ళకి పనికొచ్చే లెక్క ఇది. గ్రేట్ సర్కిల్ దూరానికి, అంటే భూగోళం మీద అతి దగ్గర దారి పొడవుకి, 4 శాతం కలపండి (వెయ్యి కిలోమీటర్ల లోపు అయితే శాతం వద్దు, నేరుగా 45 కిలోమీటర్లు కలపండి). దాన్ని ఎయిర్‌బస్ ఏ320, బోయింగ్ 737 లాంటివాటికి 830తో, 777, 787, ఏ350 లాంటి పెద్దవాటికి 900తో భాగించండి. వచ్చినదానికి 20 నిమిషాలు కలిపితే గాల్లో ఉండే టైం. ఇంకో 30, 35 నిమిషాలు కలిపితే గేటు నుంచి గేటుకి పట్టే టైం. తూర్పు, పడమర దిక్కుల్లో పోయే దూరప్రయాణమైతే ఆ 900లో గాలి వేగాన్ని కలపాలి లేదా తీసేయాలి. అసలు తేడాలన్నీ అక్కడే వస్తాయి, కింద వివరంగా రాస్తాను.

ముందు దూరం సంగతి

గోళం మీద రెండు బిందువుల మధ్య అతి దగ్గర దారిని గ్రేట్ సర్కిల్ దారి అంటారు. దీనికి హావర్‌సైన్ ఫార్ములా వాడండి. మీ జంటకే చేసి చూపిస్తాను. జేఎఫ్‌కే 40.6413 ఉత్తరం, 73.7781 పడమర. హీత్రో 51.4700 ఉత్తరం, 0.4543 పడమర.

అక్షాంశాల తేడా 10.8287 డిగ్రీలు. అందులో సగానికి సైన్ తీసి వర్గం చేస్తే 0.0089. రేఖాంశాల తేడా 73.3238 డిగ్రీలు. అందులో సగానికి సైన్ తీసి వర్గం చేస్తే 0.3565, దీన్ని రెండు అక్షాంశాల కొసైన్లతో, అంటే 0.7588తోనూ 0.6229తోనూ గుణిస్తే 0.1685. ఈ రెండూ కలిపితే 0.1774. దాని వర్గమూలం 0.4212. దానికి ఆర్క్‌సైన్ 0.4348 రేడియన్లు, రెట్టింపు చేస్తే 0.8696. దాన్ని భూమి సగటు వ్యాసార్ధం 6,371 కిలోమీటర్లతో గుణిస్తే 5,540.

భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం 6,378 కిలోమీటర్లు, ధ్రువాల దగ్గర 6,357. ఈ 21 కిలోమీటర్ల తేడా వల్లే మీ 5,540కీ సైటు 5,554కీ పొంతన కుదరలేదు. గోళం లెక్కలో తప్పు మహా అయితే అర శాతం. ఎంత సేపు ప్రయాణం అని తెలుసుకోవడానికి అది లెక్కలోకే రాదు. మీటర్లతో సహా కావాలనుకుంటే విన్సెంటీ పద్ధతి గానీ, 2013లో వచ్చిన కార్నీ పద్ధతి గానీ వాడే రెడీమేడ్ లైబ్రరీలు ఉన్నాయి, సొంతంగా రాసుకోవద్దు.

స్ప్రెడ్‌షీట్‌లో ఎక్కువగా జరిగే తప్పులు ఇవి:

- రేడియన్లు. సైన్, కొసైన్ ఫంక్షన్లకి డిగ్రీలు ఇస్తే ఊరుకుంటాయి, ఎర్రర్ చూపించవు, చెత్త అంకె ఇస్తాయి. డిగ్రీలని 3.14159తో గుణించి 180తో భాగించి ఇవ్వాలి.
- మైనస్ గుర్తు. పడమర రేఖాంశాలకీ దక్షిణ అక్షాంశాలకీ మైనస్ ఉండాలి. పైన జేఎఫ్‌కేకి మైనస్ మర్చిపోయారనుకోండి, 5,540 బదులు 5,600 వస్తుంది. హీత్రో సున్నా రేఖాంశానికి ఆనుకుని ఉండబట్టి తప్పు ఇంత చిన్నగా కనిపిస్తుంది, చూడగానే అనుమానం రాదు. అదే ఫార్ములాని టోక్యోకి వాడిన రోజున గానీ బయటపడదు.
- నిమిషాలు, దశాంశాలు. 40 డిగ్రీల 38 నిమిషాలు అంటే 40.38 కాదు, 40.633. ఆ తేడా ఒక్కటే 28 కిలోమీటర్లు.
- ఆర్క్‌టాన్2 వాడితే వరస. ఎక్సెల్‌లో మొదట అడ్డం విలువ, తర్వాత నిలువు విలువ ఇవ్వాలి. చాలా ప్రోగ్రామింగ్ భాషల్లో దీనికి తిరగేసి ఉంటుంది. పైన నేను ఆర్క్‌సైన్‌తో చేసింది ఈ గొడవ లేకుండా ఉండటానికే.

ఇంకో సంగతి. చాలా సైట్లు ఎయిర్‌పోర్టు నుంచి ఎయిర్‌పోర్టుకి కాకుండా ఊరి నడిబొడ్డు నుంచి ఊరి నడిబొడ్డుకి కొలుస్తాయి. టోక్యోకి నరిటా 60 కిలోమీటర్లకి పైనే దూరం, హనేదా ఊళ్ళోనే ఉన్నట్టు. లండన్ అని టైపు చేస్తే హీత్రోనా, గాట్విక్కా, స్టాన్‌స్టెడ్డా, లూటనా? అందుకని ఊరి పేరుతో వెతకొద్దు, మూడక్షరాల కోడ్‌తో వెతకండి. పేర్లతో వెతికితే ఇంకా పెద్ద ప్రమాదాలున్నాయి. కెనడాలోని నోవా స్కోషియాలో ఒక సిడ్నీ ఉంది, ఆస్ట్రేలియాకి టికెట్ కొన్నామనుకుని అక్కడ దిగినవాళ్ళు ఉన్నారు. బర్మింగ్‌హామ్ ఇంగ్లండ్‌లో ఒకటి, అలబామాలో ఒకటి. శాన్ హోసే కాలిఫోర్నియాలో ఒకటి, కోస్టారికాలో ఒకటి.

మైళ్ళ దగ్గర కూడా జాగ్రత్త. పైలట్లు, విమానం దారి ప్లాన్ చేసేవాళ్ళు మైలు అంటే నాటికల్ మైలు, 1.852 కిలోమీటర్లు. మామూలు మైలు 1.609. ఒకదాన్ని ఇంకొకటి అనుకుంటే 15 శాతం తేడా పడుతుంది. జేఎఫ్‌కే, హీత్రోల మధ్య 3,451 మామూలు మైళ్ళు. నాటికల్ మైళ్ళలో అయితే 2,999.

గోడ మీద మ్యాపులో స్కేలు పెట్టి గీసిన గీత అతి దగ్గర దారి కాదని మీకు తెలిసే ఉంటుంది. ఎంత తేడా వస్తుందో అంకె చెబుతాను. మెర్కేటర్ మ్యాపులో న్యూయార్క్ నుంచి లండన్‌కి తిన్నగా గీసిన గీత వెంట పోతే సుమారు 5,760 కిలోమీటర్లు. న్యూఫౌండ్‌లాండ్ మీదుగా వంగి పోయినట్టు కనిపించే దారి 5,540. వంకరగా కనిపించేదే దగ్గర.

మరి విమానం ఆ దారినే ఎందుకు పోదు?

ఏ విమానమూ గ్రేట్ సర్కిల్ గీత మీదే పోదు. మొదటి కారణం, బయల్దేరే రన్‌వే ఏ దిక్కుకి ఉంటే ఆ దిక్కుకే లేవాలి. తర్వాత ఆ ఎయిర్‌పోర్టుకి నిర్ణయించిన బయల్దేరే మార్గం, అవతల దిగే మార్గం ఉంటాయి. గమ్యం పడమట ఉన్నా తూర్పుకి లేచి తిరిగి రావాల్సి రావచ్చు. ఇందులో పోయే 40, 50 కిలోమీటర్లు 500 కిలోమీటర్ల ప్రయాణానికీ అంతే, 10,000 కిలోమీటర్ల ప్రయాణానికీ దాదాపు అంతే. చిన్న దూరాలకి శాతం కాకుండా నేరుగా కిలోమీటర్లు కలపమన్నది అందుకే. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ, అంటే ఐకావో, కర్బన ఉద్గారాల లెక్కలో కూడా ఇలాగే చేస్తుంది: 550 కిలోమీటర్ల లోపు అయితే 50, 5,500 దాకా 100, ఆపైన 125 కిలోమీటర్లు కలుపుతుంది.

రెండోది, సముద్రం మీద దారులు. ఉత్తర అట్లాంటిక్ మీద రోజుకు రెండు సార్లు కొత్తగా దారులు వేస్తారు, పగలు పడమర వైపు పోయేవాటికి ఒక సెట్టు, రాత్రి తూర్పు వైపు పోయేవాటికి ఇంకొకటి. ఆ రోజు గాలి ఎక్కడ బలంగా ఉందో చూసి వేస్తారు కాబట్టి తూర్పుకి పోయే దారులు గాలి దొరికేచోట, పడమరకి పోయేవి గాలిని తప్పించుకునేచోట ఉంటాయి. మీ ట్రాకర్‌లో 5,780 కనిపించింది బహుశా ఇందుకే. నేల మీద దారి పొడవైనా గడియారంలో టైం తక్కువ అయితే ప్లానింగులో అదే ఎంచుకుంటాం.

మూడోది, మూసేసిన గగనతలం. దీనికి ఏ శాతమూ సరిపోదు. హెల్సింకీ, టోక్యో నరిటాల మధ్య గ్రేట్ సర్కిల్ దూరం సుమారు 7,800 కిలోమీటర్లు, ఆ గీత దాదాపు అంతా రష్యా మీదే. 2022 ఫిబ్రవరి తర్వాత ఆ దారి మూసుకుపోవడంతో తొమ్మిదిన్నర గంటల ప్రయాణం సుమారు 13 గంటలైంది, కొన్ని ఫ్లైట్లు ఉత్తర ధ్రువం మీదుగా తిరిగి వెళ్ళాయి. దూరం చూపించే సైట్లలో మాత్రం ఇప్పటికీ 7,800 అనే ఉంటుంది. తప్పేం కాదు, రెండు ఎయిర్‌పోర్టులూ ఎక్కడికీ కదల్లేదుగా. కానీ ఆ అంకెని పట్టుకుని టైం లెక్కేస్తే మూడు గంటలు తప్పుతుంది. తూర్పు ఆసియాకీ యూరప్‌కీ మధ్య ఏ జంటకైనా ముందు గ్లోబు మీద గీత గీసి, అది ఏ దేశాల మీదుగా పోతోందో చూడండి, తర్వాతే భాగహారం.

పర్వతాలు కూడా అడ్డమే. విమానంలో గాలి ఒత్తిడి పోతే వెంటనే 10,000 అడుగులకి దిగాలి; ప్రయాణికుల ఆక్సిజన్ మాస్కులు చాలా విమానాల్లో 12 నుంచి 15 నిమిషాలకి మించి పనిచేయవు. కింద అంతకంటే ఎత్తైన నేల గంటసేపు ఉంటే దిగడం ఎలా? టిబెట్ మీద ట్రాఫిక్ పల్చగా ఉండటానికి పెద్ద కారణం ఇదే. సముద్రాల మీద రెండు ఇంజన్ల విమానాలకి ఇంకో నిబంధన: ఒక ఇంజన్ ఆగినా అనుమతించిన నిమిషాల్లోపు చేరగలిగే ఎయిర్‌పోర్టు దారి పొడవునా అందుబాటులో ఉండాలి. దీన్ని ఈటాప్స్ అంటారు. 180 నిమిషాల అనుమతితో ప్రపంచంలో చాలా దారులు కుదురుతాయి. ఇబ్బందంతా సిడ్నీ, శాంటియాగోల లాంటి దక్షిణార్ధగోళపు జంటలకే, అక్కడ గీత అంటార్కిటికా వైపు బాగా కిందికి దిగిపోతుంది.

ఎత్తులో ఎగిరితే వృత్తం పెద్దదవుతుంది కదా, దూరం పెరగదా అని కొందరు అడుగుతారు. పెరుగుతుంది. 11 కిలోమీటర్ల ఎత్తులో 5,540 మీద 10 కిలోమీటర్లు కూడా పెరగదు. వదిలేయండి.

ఇక టైం: ఎక్కడి నుంచి ఎక్కడిదాకా?

ఫ్లైట్ టైం ఎంత అంటే ఎదురు ప్రశ్న వేయాలి. రన్‌వే నుంచి లేచిన క్షణం నుంచి చక్రాలు నేలని తాకేదాకానా, లేక గేటు దగ్గర వెనక్కి నెట్టిన క్షణం నుంచి అవతల గేటు దగ్గర ఆగేదాకానా? మొదటిది గాల్లో టైం, రెండోది బ్లాక్ టైం. టికెట్లో ఉండేది ఎప్పుడూ బ్లాక్ టైమే. ట్రాకర్లు ఎక్కువగా చూపించేది గాల్లో టైం. ఈ రెండింటినీ పోల్చి ఫ్లైట్ 40 నిమిషాలు ముందే చేరిందని సంబరపడేవాళ్ళు చాలామంది, నిజానికి ఆ 40 నిమిషాలూ నేల మీద టాక్సీలో, అంటే గేటుకీ రన్‌వేకీ మధ్య విమానం నడవడంలో పోయాయి. పెద్ద ఎయిర్‌పోర్టుల్లో లేచే ముందు 20, 25 నిమిషాలు, దిగాక 10 నిమిషాలు మామూలే. చిన్నచోట రెండూ కలిపి పావుగంటలో అయిపోతుంది.

పైగా షెడ్యూల్లో ఎయిర్‌లైన్లు కొంత మార్జిన్ పెట్టుకుంటాయి. గేటుకి 15 నిమిషాల లోపు ఆలస్యంగా చేరినా ఆన్ టైం కిందే లెక్క కాబట్టి, రద్దీ ఎయిర్‌పోర్టులకి పెట్టే టైం ఎప్పుడూ కాస్త వదులుగానే ఉంటుంది. హీత్రో మీద చుట్టూ నాలుగు చోట్ల విమానాలు గుండ్రంగా తిరుగుతూ వంతు కోసం ఆగుతాయి: బోవింగ్‌డన్, లాంబోర్న్, ఓకమ్, బిగ్గిన్. అక్కడ పోయే పది నిమిషాలు షెడ్యూల్లో ముందే కలిపి ఉంటాయి. వంతు వెంటనే దొరికిన రోజున ముందుగా దిగుతారు.

వేగం విషయంలో, 11 కిలోమీటర్ల ఎత్తులో ప్రామాణిక ఉష్ణోగ్రత మైనస్ 56.5 డిగ్రీలు, అక్కడ ధ్వని వేగం గంటకు సుమారు 1,062 కిలోమీటర్లు. ఏ320, 737లు మాక్ 0.78 దగ్గర, అంటే ధ్వని వేగంలో 0.78 వంతు దగ్గర, 787, ఏ350లు మాక్ 0.85 దగ్గర పోతాయి. గుణిస్తే 828, 903. నేను చెప్పిన 830, 900 అక్కడివే. ఏటీఆర్ 72 లాంటి టర్బోప్రాప్ (ప్రొపెల్లర్ విమానం) అయితే 500 వేసుకోండి.

ఆ 20 నిమిషాలు ఎక్కడివి? విమానం పైకి ఎక్కేటప్పుడు, కిందికి దిగేటప్పుడు క్రూయిజ్ వేగం, అంటే పై ఎత్తులో నిలకడగా పోయే వేగం, ఉండదు. 10,000 అడుగుల కింద చాలా దేశాల్లో 250 నాట్లు, అంటే 463 కిలోమీటర్ల వేగం దాటకూడదు. దిగడం ఎక్కడ మొదలుపెట్టాలో పైలట్లకి నోటి లెక్క ఒకటుంది: వేల అడుగుల ఎత్తుని మూడుతో గుణిస్తే అన్ని నాటికల్ మైళ్ళ ముందు. 36,000 అడుగుల నుంచి అయితే 108 నాటికల్ మైళ్ళు, సుమారు 200 కిలోమీటర్లు. ఎక్కడానికీ అంతే దూరం కావాలి. అంటే 400 కిలోమీటర్ల ప్రయాణంలో పూర్తి ఎత్తుకి వెళ్ళడమే కుదరదు, కింద ఎత్తులోనే సర్దుకుంటారు.

అందుకే చిన్న దూరాల్లో సగటు వేగం దారుణంగా ఉంటుంది. హీత్రో నుంచి ఎడిన్‌బరాకి సుమారు 530 కిలోమీటర్లు. 45 కలిపితే 575, దాన్ని 830తో భాగిస్తే 42 నిమిషాలు, 20 కలిపితే గాల్లో గంటా రెండు నిమిషాలు. టాక్సీ 25 నిమిషాలు కలిపితే దాదాపు గంటన్నర. గేటు నుంచి గేటుకి చూస్తే గంటకు 370 కిలోమీటర్లు కూడా లేదు. ఇదే దూరానికి ఏటీఆర్ వేస్తే దిగే, ఎక్కే నష్టం తక్కువ కాబట్టి 10 నిమిషాలు మాత్రమే కలపాలి: గాల్లో గంటా 19 నిమిషాలు. సగం కంటే కాస్త ఎక్కువ వేగమున్న విమానం పావుగంటే వెనకబడింది. చిన్న దారుల్లో టర్బోప్రాప్‌లు ఇంకా బతికి ఉండటంలో వింతేం లేదు. ఈ వైపు చివరంచున స్కాట్లండ్‌లో వెస్ట్రే నుంచి పాపా వెస్ట్రే ఫ్లైట్ ఉంది, 2.7 కిలోమీటర్లు, షెడ్యూల్లో రెండు నిమిషాలు. నా ఫార్ములా అక్కడ వాడకండి.

గాలి

తూర్పుకీ పడమరకీ తేడా భూమి తిరగడం వల్ల అని చాలామంది రాస్తుంటారు. భూమధ్యరేఖ దగ్గర భూమి గంటకు 1,670 కిలోమీటర్ల వేగంతో తిరుగుతున్న మాట నిజమే, కానీ గాలి కూడా దానితోపాటే తిరుగుతోంది, లేచే ముందు విమానమూ అదే వేగంలో ఉంది. తేడా తెచ్చేది జెట్ స్ట్రీమ్. సుమారు 9 నుంచి 12 కిలోమీటర్ల ఎత్తులో, మధ్య అక్షాంశాల్లో పడమర నుంచి తూర్పుకి వీచే సన్నని బలమైన గాలి అది. విమానాలు ఎగిరేది కూడా సరిగ్గా ఆ ఎత్తులోనే. పారే ఏటిలో పడవకి వాలుగా పోతే ఒక వేగం, ఎదురెక్కితే ఒక వేగం ఉన్నట్టే.

మీ జంటకి లెక్క చూడండి. 5,554కి 4 శాతం కలిపితే 5,776. గాలి లేకపోతే 900తో భాగించి 20 కలిపితే 6 గంటల 45 నిమిషాలు. లండన్ వైపు పోయేటప్పుడు సగటున 80 కిలోమీటర్ల వెనక గాలి అనుకుంటే 980తో భాగించాలి: 5 గంటల 54 నిమిషాలు, 20 కలిపితే 6:14. టాక్సీ 35 నిమిషాలు కలిపితే 6:49. టికెట్లో 7 గంటలు. తిరుగు ప్రయాణంలో గాలిని తప్పించుకునే దారి ఎంచుకుంటారు కాబట్టి ఎదురు గాలి 60 అనుకుందాం: 840తో భాగిస్తే 6:53, 20 కలిపితే 7:13, టాక్సీతో 7:48. టికెట్లో 8 గంటలు. మార్జిన్ పోను రెండూ సరిపోయాయి.

ఇది సగటు సంగతి. గాలి విజృంభించిన రోజు వేరు. 2020 ఫిబ్రవరిలో సియారా తుఫాను సమయంలో ఒక బోయింగ్ 747 జేఎఫ్‌కే నుంచి హీత్రోకి 4 గంటల 56 నిమిషాల్లో చేరింది, నేల మీద వేగం గంటకు 1,300 కిలోమీటర్లు దాటింది. అది ధ్వనిని దాటినట్టు కాదు, చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే దాని వేగం ఎప్పటి వేగమే. నిజంగా ధ్వనిని దాటిన కాంకార్డ్ 1996 ఫిబ్రవరి 7న ఇదే దారిని 2 గంటల 52 నిమిషాల 59 సెకన్లలో ముగించింది.

ప్లానింగులో ఇంధనం లెక్కకి వాడేది నేల మీద దూరం కాదు, గాలిలో దూరం. పై అంకెలతోనే చూస్తే, తూర్పుకి 5 గంటల 54 నిమిషాలు 900 వేగంతో పోతే విమానం గాలిలో కోసింది సుమారు 5,300 కిలోమీటర్లే, గ్రేట్ సర్కిల్ కంటే కూడా తక్కువ. పడమరకి అదే సుమారు 6,190. ఒకే దారి, ఒకే విమానం, ఇంధనానికి మాత్రం దాదాపు 900 కిలోమీటర్ల తేడా.

వెళ్ళేటప్పుడు కలిసొచ్చింది, వచ్చేటప్పుడు పోతుంది, మొత్తం మీద సమానమే అనుకుంటారు. కాదు. 5,500 కిలోమీటర్లు, 900 వేగం, 100 గాలి తీసుకోండి. ఒకవైపు 5 గంటల 30 నిమిషాలు, ఇంకోవైపు 6 గంటల 52 నిమిషాలు, మొత్తం 12:22. గాలి లేకపోతే 12:13. ఎదురు గాలిలో ఎక్కువసేపు ఉంటాం కాబట్టి గాలి ఎప్పుడూ మొత్తం మీద నష్టమే తెస్తుంది.

ఏ దారిలో ఎంత తేడా పెట్టుకోవాలి? ఉత్తర పసిఫిక్ మీద ఎక్కువ: టోక్యో, లాస్ ఏంజెలెస్‌ల మధ్య సుమారు 8,800 కిలోమీటర్లు, తూర్పుకి 10 గంటలైతే పడమరకి పదకొండున్నర నుంచి 12. ఉత్తరార్ధగోళంలో శీతాకాలంలో జెట్ స్ట్రీమ్ బలపడుతుంది, వేసవిలో నెమ్మదిస్తుంది, కాబట్టి జూలైలో చూసిన టైం జనవరికి పనికిరాదు. ఉత్తర దక్షిణాలుగా పోయే దారుల్లో గాలి అడ్డంగా తగులుతుంది, తేడా చిన్నది. లండన్, జోహన్నెస్‌బర్గ్‌లు సుమారు 9,070 కిలోమీటర్లు, ఎటు పోయినా దాదాపు 11 గంటలు. సింగపూర్, న్యూయార్క్‌ల మధ్య 15,350 కిలోమీటర్ల దారి గ్లోబుకి దాదాపు అవతలి వైపు కాబట్టి ఇంకో వెసులుబాటు ఉంది: ఏ వైపు తిరిగి వెళ్ళినా దూరంలో పెద్ద తేడా రాదు, అందుకని ఆ రోజు గాలి ఎటు అనుకూలిస్తే అటు పోవచ్చు.

లెక్క వద్దు, నిజం టైం కావాలంటే

ఫ్లైట్‌రాడార్24 గానీ ఫ్లైట్‌అవేర్ గానీ తెరిచి ఆ ఫ్లైట్ నంబరు గత రెండు వారాల చరిత్ర చూడండి. సగటు తీయొద్దు, టైంలని వరసలో పెట్టి మధ్యది తీసుకోండి. ఒక్కరోజు దారి మళ్ళిస్తే సగటు పాడైపోతుంది. ట్రాకర్ చూపించే కిలోమీటర్లని మాత్రం పూర్తిగా నమ్మొద్దు. సముద్రం మీద నేల రిసీవర్లకి సిగ్నల్ అందకపోతే మధ్యలో గీతని ఊహించి కలుపుతాయి. గాల్లో గుండ్రంగా తిరిగింది, ఒక్కోసారి టాక్సీ చేసింది కూడా కలిసిపోతుంది.

లోకల్ టైం చిక్కు

టికెట్లో బయల్దేరే టైం బయల్దేరే ఊరి గడియారం, చేరే టైం చేరే ఊరి గడియారం. ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేయకండి. రెండింటినీ యూటీసీకి, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక టైంకి, మార్చాకే తీసివేత. జనవరిలో న్యూయార్క్‌లో సాయంత్రం 18:30 అంటే యూటీసీ 23:30. లండన్‌లో మర్నాడు 06:30కి దిగితే 7 గంటలు. నేరుగా తీసేస్తే 12 వస్తుంది. చేరే టైం పక్కన ప్లస్ 1 ఉందో లేదో చూడండి. అంతర్జాతీయ దినరేఖ దాటే దారుల్లో మైనస్ 1 కూడా ఉంటుంది.

గడియారాలు మార్చే వారాల్లో తప్పులు బాగా జరుగుతాయి. అమెరికాలో మార్చి రెండో ఆదివారం ముందుకి జరుపుతారు, బ్రిటన్‌లో మార్చి చివరి ఆదివారం. ఈ మధ్య రోజుల్లో న్యూయార్క్, లండన్‌ల తేడా 5 గంటలు కాదు, 4. మళ్ళీ అక్టోబరు చివరి ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా ఇంతే. అన్ని దేశాల తేడాలూ గంటల్లోనే ఉండవు కూడా: భారత్ 5:30, నేపాల్ 5:45.

మధ్యలో ఫ్లైట్ మారితే

ప్రతి అంచెకీ దూరం, టైం విడివిడిగా వేసి కలపాలి. మొత్తం దూరం మీద ఒక్కసారి ఫార్ములా వేస్తే తక్కువ వస్తుంది. జేఎఫ్‌కే నుంచి ఐస్‌లాండ్‌లోని కెఫ్లావిక్ మీదుగా హీత్రో చూడండి. 4,163, 1,895 కలిపి 6,058 కిలోమీటర్లు, నేరుగా పోయే 5,540 కంటే 9 శాతమే ఎక్కువ. టైం చూద్దాం. గాలి వదిలేసి, 830 వేగమున్న విమానంతో మొదటి అంచె గేటు నుంచి గేటుకి 6:03, రెండోది 3:12. మధ్యలో గంటంపావు ఆగితే పదిన్నర గంటలు. పెద్ద విమానంలో నేరుగా గాలి లేకుండా 7:20. దూరం 9 శాతం పెరిగితే టైం 40 శాతానికి పైగా పెరిగింది. ప్రతి అంచెకీ ఎక్కడం, దిగడం, టాక్సీ కలిపి 50 నిమిషాలు తప్పవు, మీరు కూర్చుని ఎదురుచూసేది దానికి అదనం.

ఆగే టైంకి కనీస పరిమితిని ఎయిర్‌పోర్టును బట్టి, టెర్మినల్‌ను బట్టి ముందే నిర్ణయించి పెడతారు, దాన్ని మినిమం కనెక్షన్ టైం అంటారు. ఒకే టికెట్ మీద బుక్ చేస్తే సిస్టం దానికంటే తక్కువ ఇవ్వదు. రెండు టికెట్లు విడివిడిగా కొంటే ఆ లెక్క చూసుకోవాల్సింది మీరే. మొదటి అంచె టికెట్లో చేరే టైం గేటు దగ్గర ఆగే టైం. రెండో అంచెకి గేటు మూసేది బయల్దేరే టైం కంటే చాలా ముందు. ఆ రెండింటి మధ్య మిగిలేదే మీ చేతిలో ఉండే టైం.

ఇక ఆలస్యాల పరిహారం కోసం దూరం అడిగేవాళ్ళకి ఒక మాట. యూరోపియన్ యూనియన్ 261/2004 నిబంధనలో 1,500, 3,500 కిలోమీటర్ల హద్దులు గ్రేట్ సర్కిల్ దూరం మీదే. మధ్యలో ఎక్కడ ఆగినా మొదటి ఎయిర్‌పోర్టు నుంచి చివరి ఎయిర్‌పోర్టుకి నేరుగా కొలుస్తారు, కాబట్టి అక్కడ 6,058 కాదు, 5,554 పనికొస్తుంది.